మా వాడకు గడియ నేర్పింది నేనే

మా వాడలో తలుపు తట్టే అలవాటు ఉండేది కాదు. తట్టినా లేచి వచ్చేవాళ్ళు ఉండరు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి మధ్యలో లేవడు. ఆసు పోస్తున్న ఆడమనిషి అసలే లేవదు. ఆసు అంటే వరసగా మేకులు దిగ్గొట్టిన చెక్క. పోగును దాని మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూ పోవాలి, ఎన్ని పోగులయ్యాయో మనసులో లెక్కపెట్టుకుంటూ. మధ్యలో ఎవరైనా పిలిస్తే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే చీర మీద పువ్వు వంకర పోతుంది. అందుకని వచ్చినవాళ్ళే లోపలికి రావాలి, గోడకు ఆనుకుని కూర్చోవాలి, లోపలి మనిషి లెక్క ముగించి తలెత్తేదాకా నోరు మూసుకుని ఉండాలి. అల్లుడొచ్చినా అంతే, అధికారి వచ్చినా అంతే.

కాబట్టి పగటిపూట మా వాడలో మూసిన తలుపు కనిపించేది కాదు. కనిపించిందంటే ఆ ఇంటివాళ్ళు ఊరికి పోయి ఉండాలి, లేదా లోపల జరగరానిది ఏదో జరిగి ఉండాలి. ఊరికి పోలేదని తెలిస్తే చాలు, నిమిషంలో వాడంతా ఆ గడప ముందు ఉండేది. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆ అలవాటును చెడగొట్టింది నేను.

మా ఊరు నల్లగొండకు బస్సులో గంట దూరం. నేను నల్లగొండలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేస్తున్నదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగీ అడిగీ చుట్టాలే అలసిపోయారు. బాపు తెలంగాణ రాకముందే పోయాడు. ఆయన మగ్గం ముందరింట్లో, అంటే ముందు గదిలో, అలాగే ఉంది. దాని పక్కన అమ్మ ఆసు పోసుకుంటుంది. మా అమ్మకు చదువు రాదు, లెక్క మాత్రం ఎప్పుడూ తప్పదు. నాకు చదువు వచ్చు. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్ళకు, ఒకరోజు ఇంకా పూర్తిగా తెల్లవారకముందే మా వాడ రెండు కొసలా జీపులు ఆగాయి. కార్డన్ సెర్చ్ అన్నారు, అంటే వాడను చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేయడం. ఆ మాట అప్పటికి పేపర్లో చదవడమే తప్ప చూసింది లేదు. అందరినీ ఇళ్ళలోంచి బయటికి రమ్మన్నారు. ఆధార్ కార్డులు అడిగారు, బండ్ల కాగితాలు అడిగారు. మా పక్కింటతను కాగితాల కోసం లోపల వెతుక్కుంటుంటే చొక్కా పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చారు. అతని భార్య గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇద్దరూ అప్పటికి ముప్పై దాటనివాళ్ళు. ఆయన నేసేవాడు, ఆమె ఆసు పోసేది. మా వాడలో అంత నున్నగా పోగు తిప్పే చెయ్యి ఇంకోటి లేదని అమ్మ అంటుండేది. ఆ రోజు అతని మీద మా అందరికీ జాలి కలిగింది.

మా ఇంటి ముందుకు ఎస్సై వచ్చాడు. అబద్ధమెందుకు, మర్యాదగానే అడిగాడు.

"అమ్మా, లోపలికి రావచ్చునా?"

అమ్మ బల్బు కింద ఆసు ముందు కూర్చుని ఉంది. తలెత్తలేదు. "రాండ్రి సారూ, కూసోండ్రి" అంది. వచ్చేవాళ్ళు ఎవరైనా మా అమ్మ నోట వచ్చే మాట అదే.

ఎస్సై కూర్చోలేదు. బూట్లతో లోపలికి వచ్చి మగ్గం గుంటలోకి టార్చి వేసి చూశాడు. వెనకాల వచ్చిన ఒక పెద్ద వయసు కానిస్టేబుల్ మూలనున్న నూలు కట్ట తీసి, "ఇండ్లేమున్నది?" అని కట్లు విప్పడం మొదలుపెట్టాడు. అది రంగుకు ముందు చిటికి కట్టిన నూలు. ఎక్కడ రంగు అంటాలో, ఎక్కడ అంటకూడదో ఆ కట్లే చెప్తాయి. కట్లు విప్పితే అది ఉత్త నూలు. అమ్మ చూస్తూనే ఉంది, వద్దనలేదు. చెయ్యి మాత్రం ఆసు మీద ఆగిపోయింది. అమ్మ లెక్క తప్పడం నేను చూసింది ఆ ఒక్కరోజే. దొరకడానికి మా ఇంట్లో ఏమీ లేదు. వాడ మొత్తం మీద కాగితాలు లేని బండ్లు నాలుగు తీసుకుపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఆఫీసుకు పోగానే మా వకీలు సారుకు జరిగింది చెప్పి, వారెంట్ లేకుండా ఇంట్లోకి ఎట్లా వస్తారు సార్ అని అడిగాను.

"మీ అమ్మ రమ్మన్నది గద" అన్నాడాయన.

"మా అమ్మ అందరినీ రమ్మంటది సార్."

"కోర్టుల గట్లనే చెప్పు మరి" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, కాగితం తీసుకోమన్నాడు. ఆయన చెప్తూ పోయాడు, నేను రాసుకుంటూ పోయాను. రెండు కాగితాలయ్యాయి. మొదటి దాంట్లో పోలీసులు ఎప్పుడు రాకూడదో ఉంది. సోదాకు మామూలుగా వారెంట్ కావాలి. అది లేకుండా సోదా చేయాల్సి వస్తే ఎందుకు ఆగలేకపోయారో ముందుగా రాసుకోవాలి, ఆ చుట్టుపక్కల ఇద్దరిని సాక్షులుగా పిలవాలి. మనం రమ్మంటే అది మన ఒప్పుదల కిందికి వస్తుంది, కాబట్టి ఊరికే రమ్మనకూడదు. రెండో దాంట్లో ఎప్పుడు రావచ్చో ఉంది. పెద్ద నేరం చేసినవాడు లోపల ఉన్నాడని నమ్మకం ఉంటే అతన్ని పట్టుకోవడానికి రావచ్చు, తలుపు తీయకపోతే పగలగొట్టొచ్చు. లోపల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందంటే వారెంట్ కోసం చూస్తూ నిలబడనక్కర్లేదు. "రెండూ జెప్పు వాళ్ళకు" అన్నాడు సారు. ఆ మాట కాగితం మీద రాసుకోలేదు, అయినా ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆదివారం మా అరుగు మీద వాడను కూడేశాను. పక్కింటతను అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు. చొక్కా పట్టుకున్నచోట బొత్తాలు ఇంకా కుట్టించుకోలేదు. అతని భార్య ద్వారబంధం పక్కన కూర్చుని చిక్కుపడ్డ నూలు విడదీసుకుంటూ వింది. నేను మొదటి కాగితం చదివాను. చదవడమంటే ఉత్త చదవడం కాదు, ఉప్పూ కారం తగిలించాను. "కాయిదం లేకుంటె ఎంత పెద్ద సారైనా మన గడప దాటొద్దు. తలుపు మూసి గడియ పెట్టుండ్రి. కిటికీల నుంచి వారెంటున్నదా అని అడుగుండ్రి. లేదంటె వాడు వచ్చిన తొవ్వనే పోవాలె" అన్నాను. ఎంత పెద్ద సారైనా అనే మాట కాగితం మీద లేదు. జనం తలలూపుతుంటే దానంతటదే వచ్చేసింది. ఎనిమిదేళ్ళుగా ఇంకొకరి వాదనలు టైపు చేసిన మనిషికి వినేవాళ్ళు దొరికితే అలాగే ఉంటుంది.

పక్కింటామె ఒక్కతే ప్రశ్న అడిగింది.

"మరి కాయిదం లేకుండ ఎన్నడన్న రావచ్చునా అక్కా?"

రెండో కాగితం నా చేతిలోనే ఉంది. దాన్ని చదివితే అప్పటిదాకా చెప్పింది పలచబడుతుందని అనిపించింది. పోలీసుల తరఫున మాట్లాడినట్టు ఉంటుందని కూడా అనిపించింది. "గవన్ని మనకెందుకే" అన్నాను. ఆమె మళ్ళీ తల వంచుకుని నూలు విడదీసుకుంది.

అంతటితో ఆగలేదు. పైఅధికారులకు అర్జీ రాసి వాడలో అందరితో సంతకాలు పెట్టించాను. ఆ ఎస్సైకి మెమో వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ నెలలోనే మా వాడలో తలుపులకు గడియలు బిగించుకున్నారు. ఉన్న పాత గడియలు తుప్పు పట్టి కదిలేవి కావు మరి. బస్సు దిగి ఇంటికి వస్తుంటే రెండు పక్కలా మూసిన తలుపులు, వాటి వెనక మెల్లగా వినిపించే మగ్గాల చప్పుడు. నాకు గర్వంగా ఉండేది. అమ్మకు నచ్చలేదు. మా తలుపుకు గడియ వేయనివ్వలేదు.

"ఇంటికచ్చినోళ్ళను రాకుమంటె అదేం ఇల్లే" అంది.

"ఇంటికి ఎవ్వరొస్తున్నరో సూడాలె గదనే."

"వచ్చినంక సూస్త."

చదువు రాని మనిషికి చట్టం చెప్పడం నా వల్ల కాదని వదిలేశాను.

తర్వాత రెండేళ్ళలో పక్కింటతను తాగుడుకు అలవాటు పడ్డాడు. మగ్గం మూలకు పడింది. ఆమె ఆసు మీద ఇల్లు నడిచేది. ఆమె ఎవరితో మాట్లాడినా అతనికి అనుమానం. ఒక్కోరోజు పట్టపగలే తలుపుకు గడియ పడేది, లోపల గట్టిగా మాటలు వినిపించేవి. పాత రోజుల్లో అయితే ఆ మూసిన తలుపును చూసి నలుగురు ఆడవాళ్ళు లోపలికి నడిచి పోయేవాళ్ళు. ఇప్పుడు అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. ఏ తలుపు వెనక ఏముందో ఎవరు చూస్తారు? ఆమె బాయి కాడ కనిపిస్తే మెడ మీద కొంగు కప్పుకుని ఉండేది. నేను చూశాను. చూసి, వాళ్ళ సంసారం వాళ్ళది అనుకున్నాను.

ఆ రోజు కూడా ఆదివారమే. అమ్మ పక్క ఊళ్ళో చుట్టాల ఇంటికి పోయింది, సాయంత్రం బస్సుకు వస్తానంది. పదకొండు గంటల ప్రాంతంలో పక్కింట్లో ఏదో బరువైనది పడ్డ చప్పుడు వినిపించింది. వెంటనే ఒక కేక, అది కూడా పూర్తిగా రాలేదు, సగంలోనే తెగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. నేను పోయి చూస్తే తలుపుకు లోపల గడియ ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంటి తలుపు తట్టడం నాకు అదే మొదటిసారి.

"ఎవరు?" అన్నాడతను.

"నేనే. ఏమైందిరా?"

"ఏం లేదక్కా. చెక్క వడ్డది."

"నీ పెండ్లామేది?"

"పండుకున్నది."

ఇంటికి వచ్చి వందకు ఫోన్ చేశాను. చదువుకున్నదాన్ని కదా, చేయాల్సింది అదే అనుకున్నాను. అరగంటకు పోలీసు జీపు వచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు దిగారు. ఒకాయన ఎవరో కాదు, ఆనాడు మా ఇంట్లో నూలు కట్ట విప్పినాయనే. నన్ను గుర్తుపట్టాడు. అప్పటికి వాడంతా తలుపులు తెరుచుకుని బయటికి వచ్చింది.

ఆయన పోయి పక్కింటి తలుపు తట్టాడు. తలుపు తెరుచుకోలేదు. కిటికీ రెక్క జానెడు తెరుచుకుంది.

"వారెంటున్నదా సారూ?" అని అడిగాడు పక్కింటతను.

నేను చెప్పినట్టే అడిగాడు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. ఆ క్షణం నాకేమనిపించిందో రాయడానికి ఇన్నేళ్ళూ సిగ్గుపడ్డాను. సంతోషం వేసింది. నేను చెప్పిన పాఠం గుర్తుపెట్టుకున్నాడే అనిపించింది. రెప్పపాటు సేపే, కానీ వేసింది.

కానిస్టేబుల్ కిటికీ వైపు చూసి, "అమ్మా, ఉన్నవా లోపట? ఏమన్న బాధ ఉన్నదా?" అని పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. ఈసారీ లేదు. "పండుకున్నదని చెప్తున్న గద సారూ" అని కిటికీ మూసేశాడతను.

కానిస్టేబుల్ నా దగ్గరికి వచ్చాడు. "కొట్టంగ మీరు సూసిండ్రా మేడం?"

"సూడలేదు. ఇన్న."

"ఆమె అయితె పలుకుతలేదు. పోయినసారి మేం వస్తె మీరే కాయిదం వెట్టిండ్రు. మా ఎస్సైకి మెమో అచ్చింది. ఇప్పుడు మేం తలుపు ఇరగ్గొడితె మల్ల మీరే పెడ్తరు." వెటకారం ఏమీ లేదు ఆ మాటలో, భయమే ఉంది. "ఠాణాకొచ్చి కంప్లెయింట్ ఇయ్యుండ్రి. సార్‌ను అడిగి వస్తం."

ఆయనకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. కేక వినిపించింది, మనిషి పలకడం లేదు, తలుపు తీయడం లేదు, ఇప్పుడు మీరు లోపలికి పోవచ్చు అని ఒక్కమాట చెప్పాలి. ఆ రెండో కాగితం మా ఇంట్లో బాపు ఫోటో వెనకే ఉంది, తెచ్చి చేతిలో పెట్టొచ్చు. కానీ చుట్టూ వాడంతా ఉంది. కాగితం లేకుంటే ఎంత పెద్ద సారైనా గడప దాటొద్దని వీళ్ళందరి ముందు నేనే చెప్పాను. ఇప్పుడు వీళ్ళ ముందే, దాటొచ్చు అని నేనే అనాలి. నోటి దాకా వచ్చింది. అంతలో నిజంగానే పండుకుందేమో అనిపించింది. అట్లా అనుకుంటే నాకు సులువుగా ఉంది, అందుకని అనిపించింది. నేను నోరు తెరవలేదు. జీపు వెళ్ళిపోయింది. ఒక్కొక్క తలుపే మళ్ళీ మూసుకుంది.

ఠాణాకు పోదామని చీర మార్చుకున్నాను, పోలేదు. అమ్మ వచ్చాక పోదామనుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా ఆ గోడకు ఆనుకుని కూర్చున్నాను. అటువైపు నుంచి ఆసు చప్పుడు లేదు, గిన్నె చప్పుడు లేదు. ఒకసారి మాత్రం మంచం కిర్రుమంది.

సాయంత్రం బస్సుకు అమ్మ వచ్చింది. వీధిలోంచి లోపలికి రాకముందే అడిగింది.

"దాని ఇల్లు గట్ల సప్పుడు లేకుండున్నదేందే?"

"పొద్దటిసంది తలుపేసుకున్నరు. ఏదో లొల్లి అయింది."

"నువ్వేం జేసినవ్?"

"పోలీసోళ్ళను పిల్చిన. వారెంట్ లేదని పోయిండ్రు."

అమ్మ సంచి కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది. "వాళ్ళకు లేకపాయె. నీకు గూడ గావాల్నా వారెంటు?" అంది.

నా జవాబు కోసం ఆగలేదు. మా దొడ్డిలోకి పోయింది. రెండిళ్ళ దొడ్లకు నడుమ గోడ ఒకచోట కూలి ఉంటుంది. చల్లకో, నిప్పుకో ఆడవాళ్ళం ఎన్నోసార్లు దాటిన జాగా అది. వాళ్ళ వెనక తలుపు తలుపు కూడా కాదు, ఉత్త తడక. ముందు తలుపు గడియ గురించే ఆలోచించిన నాకు రోజంతా ఆ తడక గుర్తుకే రాలేదు. అమ్మ దాన్ని పక్కకు జరిపి, తన ఇంట్లోకి పోయినట్టే పోయింది. నేను వెనకే పోయాను.

ఆమె ఆసు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా వాచి, నల్లబడి, చెయ్యిలా లేదు. అతను ముందు తలుపుకు వీపు ఆనించి మంచం మీద కూర్చున్నాడు. మగ్గం చెక్క కింద పడి ఉంది.

"పెద్దమ్మా, మా ఇంట్లకు ఎట్లొచ్చినవ్?" అన్నాడు.

"మీ అవ్వ సచ్చిన్నాడు గీ పొయ్యి మీద నేనే వండి నీకు వెట్టిన. జరుగు" అంది అమ్మ. గొంతు పెంచలేదు. అతను జరిగాడు. అమ్మ తన చేత్తోనే గడియ తీసింది.

నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. చెయ్యి చూసిన డాక్టరు, "పొద్దుగాల్నే ఎందుకు తేలేదు?" అని నన్ను అడిగాడు. వాపు లోపలి నరాలను నొక్కేసిందట. ఎముక అతికింది. వేళ్ళకు స్పర్శ రాలేదు. అతన్ని మరునాడు పోలీసులు అదే తలుపులోంచి తీసుకుపోయారు. వారెంటున్నదా అని ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఆమె ఆ ఇంటికి తిరిగి పోలేదు. ఇన్నేళ్ళుగా మా ముందరింట్లోనే, బాపు మగ్గం పక్కన ఉంటోంది. అమ్మ దగ్గర కూర్చుని ఎడమచేత్తో ఆసు పోయడం నేర్చుకుంది. నిదానంగా పోస్తుంది, లెక్క పైకి పలుకుతుంది. వాడలో కొన్ని ఇళ్ళ గడియలు మళ్ళీ తుప్పు పట్టాయి, కొన్ని పట్టలేదు. ఆమె నన్ను ఎన్నడూ ఒక్కమాట అనలేదు. నేనూ ఆ రోజు ఊసు ఎత్తలేదు.

ఈ మధ్య చట్టాల పేర్లు మారాయి, సెక్షన్ల నంబర్లు మారాయి, సోదా చేస్తే వీడియో తీయాలని కూడా వచ్చింది. సారు కొత్తగా రాసుకోమంటే ఇంటికి తెచ్చుకుని రాసుకుంటున్నాను. ఆమె తెగిన పోగు అతికించుకుంటూ అడిగింది.

"ఆ దినం పోలీసోళ్ళు లోపటికి రావచ్చునా అక్కా? కాయిదం లేకున్నా?"

"రావచ్చు" అన్నాను.

"నీకు అప్పుడు ఎర్కేనా?"

"ఎర్కే."

ఆమె తలూపింది. అతికించిన పోగును లాగి చూసింది.

"నాకు అన్ని ఇనవడ్డయక్కా. ఆ సారు అమ్మా ఉన్నవా అని రెండుసార్లు పిల్చిండు. నోట్ల గుడ్డ లేదు, ఏం లేదు. అరవచ్చు."

"మరెందుకు పలుకలేదే?"

"నువ్వు జెప్పినవ్ గద, ఎంత పెద్ద సారైనా గడప దాటొద్దని. నేను అరిసినా వాళ్ళు రాలేరనుకున్న. వాళ్ళు పోయినంక ఇంట్ల ఉండేది నేను, ఆయిన. అందుకే పండ్లు బిగవట్టి కూసున్న."

నిష్ఠూరం లేకుండా చెప్పింది. చెప్పి ఆసు వైపు తిరిగి, ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది. మధ్యలో పిలవకూడదు కాబట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె లెక్క ముగించి తలెత్తి నా వైపు చూసింది.